రాత్రికి 24 నిమిషాలు

ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. రాత్రి 8 గంటలకు డ్యూటీ ఎక్కిన స్టాఫ్ నర్సు పొద్దున 8కి దిగుతుంది. అంటే 720 నిమిషాలు. వార్డులో 30 మంది రోగులున్నారు, నర్సు ఒక్కతే ఉంది అనుకుందాం. ఆమె మంచినీళ్లకు కూడా ఆగకుండా ఆ కాలాన్ని సమంగా పంచినా మనిషికి దక్కేది 24 నిమిషాలు. రాత్రి మొత్తానికి అంతే. బిపి చూడటం, ఇంజెక్షన్ కలిపి ఎక్కించడం, సెలైన్ మార్చడం, యూరిన్ బ్యాగు ఖాళీ చేసి కొలత రాసుకోవడం, పక్క తడిపిన ముసలాయనకు దుప్పటి మార్చడం, కేస్ షీటు నింపడం, కొత్తగా అడ్మిటైన మనిషి వివరాలు రాసుకోవడం, అన్నీ ఆ 24లోనే. అదే నర్సుకు ఆరుగురు రోగులే ఉంటే మనిషికి 120 నిమిషాలు దక్కుతాయి. (మగ నర్సులూ ఉన్నారు. మన వార్డుల్లో సిస్టర్లే ఎక్కువ కాబట్టి ‘ఆమె’ అని రాస్తున్నాను.)

120 నుంచి 24కి దిగినప్పుడు ఏ పని పోతుంది? ఇంజెక్షన్లు పోవు. ఎంత రద్దీగా ఉన్నా రాత్రి 10 గంటల యాంటీబయాటిక్ 11కో 12కో పడుతుంది. దానికి కేస్ షీటులో గడి ఉంది, సంతకం ఉంది, రేపు రౌండ్సులో అడిగే డాక్టరున్నారు. అడిగేవాళ్లు లేని పనే ముందు పోతుంది. మంచం పక్కన కాసేపు నిలబడి మనిషిని చూడటం అలాంటి పని. తెలుగులో దాన్ని కనిపెట్టుకుని ఉండటం అంటాం. కనిపెట్టడమంటే దాగి ఉన్నదాన్ని పట్టుకోవడం. కనిపెట్టుకుని ఉండటమంటే విడవకుండా చూసుకోవడం. నర్సు చేతిలో ఈ రెండర్థాలూ ఒకే పని అవుతాయి. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో నర్సింగ్ గురించి రాసిన చిన్న పుస్తకంలో, రోగిని గమనించడానికే ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించారు.

ఆ గమనింపులో అన్నిటికంటే చౌకైనది ఊపిరి లెక్క. చేతికి గడియారం ఉంటే చాలు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు నిమిషానికి సుమారు 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. ఒంట్లో ఇన్ఫెక్షన్ ముదురుతున్నా, లోపలెక్కడో రక్తం కారుతున్నా, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ అడ్డుపడినా, ముందుగా మారే వాటిలో ఈ అంకె ఒకటి. కణాలకు తగినంత ఆక్సిజన్ అందకపోతే రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. ఆ భారాన్ని కార్బన్ డయాక్సైడ్ రూపంలో బయటికి తోసెయ్యడానికి మెదడు ఊపిరి వేగం పెంచుతుంది. అప్పటికి బిపి మామూలుగానే కనిపించవచ్చు, ఎందుకంటే రక్తనాళాలు బిగుసుకుని దాన్ని నిలబెడుతుంటాయి. ఆ ప్రయత్నం ఓడిపోయాకే బిపి పడిపోతుంది. సాయంత్రం 16 ఉన్న ఊపిరి రాత్రి 11కి 22, ఒంటిగంటకు 28 అయితే, ఆ రోగి కష్టంలో ఉన్నట్టు ఒంటిగంటకే తెలిసిపోతుంది. లెక్కపెట్టినవాళ్లుంటే.

సరిగ్గా లెక్కపెట్టాలంటే నిండా ఒక నిమిషం నిలబడాలి. 30 మందికి అరగంట, అదీ ఒక్క రౌండుకు. అందుకే ఎన్నో దేశాల ఆస్పత్రుల రికార్డుల్లో ఒక వింత కనిపిస్తుంది: మంచం మంచానికీ ఊపిరి 18 అనో 20 అనో రాసి ఉంటుంది. ఊపిరి వేగం నిర్లక్ష్యానికి గురైన ప్రాణసంకేతమని చెబుతూ 2008లో ఆస్ట్రేలియా వైద్యపత్రికలో ఒక వ్యాసం వచ్చింది. ఆ 18ని సోమరితనం కింద జమకట్టడం నాకు న్యాయమనిపించదు. నిమిషం లేని మనిషి, నిమిషం కావాల్సిన గడిని నింపాల్సి వచ్చినప్పుడు రాసే అంకె అది.

ఈ నిమిషానికి ప్రాణంతో సంబంధం ఉందని తేల్చడానికి పరిశోధకులకు ముందు ఒక కొలబద్ద దొరకాలి. అది 1992లో అమెరికాలో జెఫ్రీ సిల్బర్ బృందం నుంచి వచ్చింది. ఆపరేషన్ తర్వాత చిక్కు రావడం చాలావరకు రోగి వయసునూ జబ్బునూ బట్టి ఉంటుంది. చిక్కు వచ్చాక మనిషి బతుకుతాడా లేదా అన్నది మాత్రం ఆస్పత్రిని బట్టి ఎక్కువగా మారుతోందని వాళ్లు గమనించారు. చిక్కు వచ్చినవాళ్లలో ఎందరిని కాపాడలేకపోయారన్న ఆ లెక్కకు ‘రక్షించలేకపోవడం’ అని పేరు పెట్టారు. మొత్తం మరణాల సంఖ్య చెప్పలేనిది ఈ లెక్క చెబుతుంది. రోగి జారిపోతున్నప్పుడు ఎవరైనా చూశారా, చూసి డాక్టర్ని పిలిచారా, పిలిస్తే వచ్చారా?

1990లలో అమెరికా ఆస్పత్రులు ఖర్చు తగ్గించుకునే ఒత్తిడిలో పడి సిబ్బందిని సర్దడం మొదలుపెట్టాయి. మంచాల మీద మునుపటికంటే జబ్బు ఎక్కువగా ఉన్నవాళ్లుంటున్నారని, చూసుకునే చేతులు మాత్రం పెరగడం లేదని నర్సులు మొత్తుకున్నారు. ఆ మొరను లెక్కగా మార్చింది పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లిండా ఐకెన్. ఆమె నర్సు, సామాజికశాస్త్రవేత్త కూడా. 2002లో ఆమె బృందం ప్రచురించిన అధ్యయనంలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని 168 ఆస్పత్రులున్నాయి, ప్రశ్నపత్రాలకు జవాబిచ్చిన 10,184 మంది నర్సులున్నారు, ఆపరేషన్ చేయించుకున్న 2,32,342 మంది రోగుల రికార్డులున్నాయి. ఆ రోగుల్లో 53,813 మందికి పెద్ద చిక్కు వచ్చింది. 4,535 మంది 30 రోజుల్లోపు చనిపోయారు.

రోగుల వయసు, జబ్బు తీవ్రత, ఆస్పత్రి పరిమాణం, అక్కడి సాంకేతిక సదుపాయాలు అన్నీ లెక్కలోకి తీసుకున్నాక మిగిలిన ఫలితం ఇది: నర్సు మీద ఒక్కో రోగి అదనంగా పడినకొద్దీ రోగి 30 రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున పెరిగింది. చిక్కు వచ్చినవాళ్లను కాపాడలేకపోవడమూ అంతే మేరకు పెరిగింది. నర్సుకు నలుగురు రోగులున్న ఆస్పత్రికీ ఎనిమిది మంది ఉన్న ఆస్పత్రికీ మరణావకాశంలో తేడా 31 శాతం. ఒక్క మనిషి వరకు చూస్తే వందలో ఇద్దరు చనిపోయేచోట 7 శాతం పెరుగుదల చిన్నదే. ఆపరేషన్లు ఏడాదికి లక్షల్లో జరిగే చోట చిన్నది కాదు. 2014లో ఐకెన్ బృందం ఐరోపాలో 9 దేశాల్లోని 300 ఆస్పత్రుల్లో 4,22,730 మంది రోగుల మీద ఇదే లెక్క వేసింది. అక్కడా ఒక్కో అదనపు రోగికి 7 శాతమే వచ్చింది.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. నర్సులు తక్కువగా ఉన్న ఆస్పత్రిలో మిగతావన్నీ కూడా తక్కువే కావచ్చు, పాపం నర్సుల సంఖ్య మీదకు తోస్తున్నామేమో? ఈ ప్రశ్నకు జాక్ నీడిల్‌మన్ బృందం 2011లో తెలివైన దారి వెతికింది. ఆస్పత్రిని ఆస్పత్రితో పోల్చడం మానేసి ఒకే పెద్ద బోధనాసుపత్రిని తీసుకుంది. అవే గోడలు, అదే డాక్టర్ల బృందం, అవే యంత్రాలు. 1,97,961 అడ్మిషన్లు, 43 వార్డులు, 1,76,696 నర్సింగ్ షిఫ్టులు. ఆస్పత్రి తనకు తానే నిర్ణయించుకున్న సంఖ్యకంటే నర్సులు బాగా తగ్గిన ఒక్కో షిఫ్టును రోగి గడిపినకొద్దీ మరణ ప్రమాదం 2 శాతం పెరిగింది. ఇంకో సంగతీ బయటపడింది. అడ్మిషన్లు, డిశ్చార్జీలు, బదిలీలు ఎక్కువగా జరిగిన షిఫ్టులో ఆ పెరుగుదల 4 శాతం. మంచాల సంఖ్య మారకపోయినా మనుషులు మారుతుంటే పని పెరుగుతుందని వార్డులో ఉన్నవాళ్లందరికీ తెలుసు. కాగితం మీద మాత్రం 30 మంచాలు 30గానే ఉంటాయి.

భారం తప్పుగా మారే దారుల్లో చాలా మామూలుగా కనిపించేది మధ్యలో పిలవడం. సిరంజిలోకి మందు తీస్తుంటే ఫోను. మోతాదు లెక్కకడుతుంటే, ‘సిస్టర్, మా నాన్నకు నొప్పిగా ఉందట.’ సిడ్నీలోని రెండు ఆస్పత్రుల్లో జొహానా వెస్ట్‌బ్రూక్ బృందం 98 మంది నర్సుల వెన్నంటి తిరిగి, 720 మంది రోగులకు 4,271 సార్లు మందు ఇవ్వడాన్ని కళ్లారా చూసి రాసుకుంది. ఫలితాలు 2010లో వచ్చాయి. సగానికి పైగా సందర్భాల్లో నర్సుకు మధ్యలో ఆటంకం కలిగింది. ఒక్కో ఆటంకానికి మందుకు సంబంధించిన పొరపాట్లు 12.7 శాతం పెరిగాయి. నాలుగుసార్లు ఆటంకపడితే పెద్ద తప్పు జరిగే అవకాశం 2.3 శాతం నుంచి 4.7 శాతానికి, అంటే రెట్టింపుకు వెళ్లింది. మనసు చేతిలో పట్టుకునే పనులు కొన్నే. కొత్తది అందుకోవాలంటే పాతదాన్ని ఎక్కడో పెట్టాలి, తిరిగి వచ్చేసరికి అది పెట్టినచోట ఉండకపోవచ్చు.

ఇక నిద్ర. ఇంటిపని ఉన్న నర్సు మొదటి నైట్ డ్యూటీ రోజు ఎలా గడుస్తుందో చూడండి. పొద్దున 6కి లేస్తుంది. పిల్లలకు బాక్సులు కడుతుంది, వంట, బట్టలు. మధ్యాహ్నం నడుం వాల్చినా కునుకు పడదు. రాత్రి 8కి వార్డులో ఉంటుంది. 11 గంటలకు ఆమె మేలుకుని 17 గంటలవుతుంది. మర్నాడు పొద్దున 6కి 24 గంటలు. ఆస్ట్రేలియాలో డ్రూ డాసన్, క్యాథ్రిన్ రీడ్ 1997లో ఈ మెలకువను మద్యంతో పోల్చి కొలిచారు. చేతికీ కంటికీ పొత్తు చూసే పరీక్షలో, 17 గంటలు మేలుకున్నవాళ్ల తీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాళ్ల తీరుతో సమానంగా ఉంది. 24 గంటలయ్యేసరికి అది సుమారు 0.10 శాతంతో సమానమైంది. మన మోటారు వాహనాల చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం దాటితే బండి నడపకూడదు. ఆ హద్దుకు మూడు రెట్లు దాటిన స్థితితో సమానమైన అలసటలో మనిషి తెల్లవారుజామున ఇన్సులిన్ మోతాదు కొలుస్తోంది, పరీక్షకు రక్తం తీసి సీసాల మీద పేర్లు రాస్తోంది. అమెరికాలో 393 మంది నర్సులు రోజువారీ పుస్తకాల్లో రాసిన 5,317 షిఫ్టుల వివరాల్ని ఆన్ రోజర్స్ బృందం 2004లో పరిశీలించినప్పుడు, పన్నెండున్నర గంటలు దాటిన షిఫ్టుల్లో తప్పు జరిగే అవకాశం మూడు రెట్లయింది. రిలీవర్ రాక డబుల్ డ్యూటీ చేసిన రోజున ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

అలసటకు నిద్ర మందు. బర్నౌట్‌కు ఒక్క రాత్రి నిద్ర చాలదు. ఎండాకాలం ఏటి ఇసుకలో చెలమ తవ్వి నీళ్లు తోడుకోవడం చూసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. ఊరే వేగంతో తోడుకుంటే తేట నీళ్లు వస్తూనే ఉంటాయి. అంతకంటే వేగంగా తోడితే బురద వస్తుంది, ఆ తర్వాత ఇసుకే. చెలమ చెడిపోలేదు, దానికి ఊరే వ్యవధి ఇవ్వలేదు. న్యూయార్క్‌లో వ్యసనపరులకు ఉచితంగా వైద్యం చేసే క్లినిక్‌లో మనసుపెట్టి పనిచేసిన స్వచ్ఛంద కార్యకర్తలే ముందుగా ఇలా ఎండిపోవడాన్ని హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ గమనించి 1974లో రాశారు. 1981లో క్రిస్టినా మాస్లాక్, సూసన్ జాక్సన్ దీన్ని కొలిచే ప్రశ్నావళి తయారుచేశారు. అందులో మూడు పాయలున్నాయి: మనసు పూర్తిగా అలసిపోవడం, ఎదుటి మనిషి మనిషిగా కనిపించడం మానేయడం, తాను చేసేదానికి విలువ లేదనిపించడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని జబ్బుల వరసలో చేర్చకుండా, పనికి సంబంధించిన స్థితిగా నిర్వచించింది. ఆ నిర్వచనం నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. మూలం మనిషిలో లేదు, పనిలో ఉంది. అలాంటప్పుడు ఆ మనిషికి ధ్యానం నేర్పి, పనిని ఉన్నట్టే ఉంచడం చికిత్స అవదు.

రెండో పాయే రోగికి నేరుగా తగులుతుంది. మంచం మీదున్నది రమణయ్యగారు కాకుండా పన్నెండో బెడ్ అయినప్పుడు, పన్నెండో బెడ్‌కు ఊపిరి లెక్కపెట్టాలనిపించదు. మూత్రానికి వేసిన పైపు సంగతి తీసుకోండి. అది ఒంట్లో ఉన్న ప్రతిరోజూ ఇన్ఫెక్షన్‌కు దారి. ముట్టుకునే ముందూ తర్వాతా చేతులు కడగాలి, సంచి మూత్రాశయం కంటే కిందే ఉండాలి, అవసరం తీరగానే, ‘డాక్టరుగారూ, ఈ పైపు ఇంకా ఉంచాలా?’ అని ఎవరైనా అడగాలి. ఒక్కటీ కష్టమైన పని కాదు, అన్నీ పట్టింపు ఉంటేనే జరిగేవి. జెనీ సిమియోటీ బృందం 2012లో పెన్సిల్వేనియాలో 161 ఆస్పత్రుల్లో ఇదే చూసింది. నర్సు మీద రోగులు పెరిగినకొద్దీ మూత్రనాళ ఇన్ఫెక్షన్లు పెరిగాయి. బర్నౌట్‌ను కూడా లెక్కలోకి తీసుకోగానే రోగుల సంఖ్య ప్రభావం వెనక్కి తగ్గి, బర్నౌట్ ప్రభావమే నిలబడింది. ఇలాంటి అధ్యయనం కారణాన్ని పూర్తిగా నిరూపించలేదు. దారి మాత్రం చూపిస్తుంది: భారం ముందు నర్సును ఎండబెడుతుంది, ఆ ఎండిన చోటునుంచి రోగికి హాని వస్తుంది.

ఐకెన్ 2002 అధ్యయనంలో 43 శాతం మంది నర్సుల బర్నౌట్ మార్కులు ఎక్కువగా ఉన్నాయి. బర్నౌట్‌తో పాటు ఉద్యోగం మీద అసంతృప్తి కూడా ఉన్నవాళ్లలో 43 శాతం మంది ఏడాదిలోపు ఆ ఉద్యోగం వదిలేస్తామన్నారు. ఆ రెండూ లేనివాళ్లలో అలా అన్నది 11 శాతమే. వెళ్లినవాళ్ల మంచాలు ఉన్నవాళ్ల మీద పడతాయి. వెళ్లేది ఎక్కువగా అనుభవం ఉన్నవాళ్లయితే, ‘ఈయన రంగు నాకు నచ్చలేదు, డ్యూటీ డాక్టర్ని పిలు’ అని కొత్తమ్మాయికి చెప్పే గొంతు కూడా వాళ్లతోనే పోతుంది.

మన ఆస్పత్రుల్లో ఈ లోటు పైకి తెలియకుండా కప్పిపెట్టే ఏర్పాటొకటి ఉంది. రోగి పక్కన కూర్చునే మనిషి. రాత్రి రెండు గంటలకు, ‘సిస్టర్, సెలైన్ అయిపోయింది’ అని లేచి వెళ్లేది కూతురో తమ్ముడో. పక్కకు తిప్పేది వాళ్లు, అన్నం తినిపించేది వాళ్లు, బాత్రూముకు నడిపించేది వాళ్లు. వాళ్లు లేకపోతే చాలా వార్డులు ఒక్క రాత్రి కూడా నడవవు. కోవిడ్ వార్డుల్లోకి బంధువుల్ని రానివ్వనప్పుడు ఆ పనులన్నీ ఒక్కసారిగా నర్సుల మీద పడ్డాయి. సీసా ఖాళీ అవడం కూతురికి కనిపిస్తుంది. ఊపిరి 28కి చేరడం ఆమెకు కనిపించదు, నాన్న కాస్త ఆయాసపడుతున్నాడనే అనుకుంటుంది. ప్రేమతో కనిపెట్టుకుని ఉన్నా, ఏది కనిపెట్టాలో చదువుకున్నవాళ్లు వేరే ఉండాలి.

మందు మారిపోయినప్పుడు మెమో నర్సుకు వస్తుంది. ఆ రాత్రి డ్యూటీ లిస్టులో ఆమె పక్కన ఉండాల్సిన పేరు ఎందుకు లేదని అడిగే కాగితం ఏదీ బయల్దేరదు. మెమో భయం ఉన్నచోట తృటిలో తప్పిన పొరపాటును ఎవరూ బయటపెట్టరు. దాంతో రేపు జరగబోయే పెద్ద తప్పుకు ముందస్తు హెచ్చరిక కూడా అందకుండా పోతుంది.

మరి ఎంతమంది ఉండాలి? భారత నర్సింగ్ మండలి ప్రమాణాల్లో బోధనాసుపత్రులకు ముగ్గురు రోగులకు ఒక నర్సు, సాధారణ ఆస్పత్రులకు ఐదుగురికి ఒకరు అనే నిష్పత్తి ఉంది. చూడగానే పెన్సిల్వేనియా కంటే మనమే నయమనిపిస్తుంది. అక్కడ లెక్కపెట్టింది ఆ షిఫ్టులో వార్డులో నిలబడి ఉన్న నర్సుల్ని. మన నిష్పత్తిని మంజూరైన పోస్టులుగా చదివితే, 30 మంచాలకు ఐదుకొకరి చొప్పున ఆరుగురు వస్తారు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి షిఫ్టులకు పంచితే షిఫ్టుకు ఇద్దరు, అంటే ఒక్కొక్కరికి 15 మంది. వీక్లీ ఆఫ్, ప్రసూతి సెలవు, జ్వరం, భర్తీకాని ఖాళీ ఇంకా తీసెయ్యలేదు. అవన్నీ తీసేస్తే మొదట్లో మనం అనుకున్న ఒక్క నర్సు, 30 మంది రోగులు ఊహ కాకుండా పోతారు. ప్రైవేటు నర్సుల జీతాల సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 2016లో కోర్టు కమిటీ వేయించింది. 200 పడకలు దాటిన ఆస్పత్రులు ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలని, 50 పడకల లోపు చోట కూడా నెలకు 20 వేలకు తగ్గకూడదని ఆ కమిటీ సిఫారసు చేసింది. జీతం గురించిన ఆ మాట భద్రత గురించిన మాట కూడా. చాలీచాలని జీతమే రెండోచోట ఇంకో డ్యూటీ చేయిస్తుంది.

సంఖ్యను చట్టంలో రాసిన చోట్లున్నాయి. కాలిఫోర్నియా 1999లో చట్టం చేసి 2004 నుంచి అమలుపెట్టింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ 2016 జులై నుంచి కొన్ని ప్రభుత్వ ఆస్పత్రుల్లో పగలు నలుగురికి ఒకరు, రాత్రి ఏడుగురికి ఒకరు ఉండాలంది. ఆ నియమం వచ్చిన 27 ఆస్పత్రుల్ని, రాని 28 ఆస్పత్రులతో పోల్చిన ఫలితాలు 2021లో వచ్చాయి. నియమం వల్ల 145 మరణాలు తప్పాయని, 29 వేల పైచిలుకు పడక రోజులు మిగిలాయని పరిశోధకులు అంచనా కట్టారు. కొత్త నర్సులకు అయిన ఖర్చుకు రెండింతలు పైగా ఆదా అయింది. డబ్బుల్లేక నర్సుల్ని వేయలేకపోతున్నామనే జవాబును ఈ లెక్క ముందు పెట్టి మళ్లీ చూడాలి.

ఇంగ్లండ్‌లో స్టాఫర్డ్ ఆస్పత్రి దీనికి తలకిందులు కథ. ఖర్చు తగ్గించుకుని ఖాతాలు చక్కగా చూపించాలన్న ఆరాటంలో సిబ్బందిని తగ్గించుకుంది. దాహమన్నవాళ్లకు నీళ్లందలేదు, తడిసిన పక్కల మీద ముసలివాళ్లు గంటలకొద్దీ ఉండిపోయారు. కుటుంబాలు ఏళ్లతరబడి పోరాడాక విచారణ జరిగింది. రాబర్ట్ ఫ్రాన్సిస్ నివేదిక 2013 ఫిబ్రవరిలో వచ్చింది. దాని తర్వాత 2014లో ఇంగ్లండ్ ప్రభుత్వ ఆస్పత్రుల వార్డు గోడల మీద ఒక బోర్డు పెట్టడం మొదలైంది. ఈ షిఫ్టులో ఉండాల్సిన నర్సులు ఎందరు, ఉన్నది ఎందరు, రెండే అంకెలు. రోగిని చూడటానికి వచ్చిన ఎవరైనా చదువుకోవచ్చు.

మనం ఆస్పత్రిలో చేరేటప్పుడు డాక్టరు పేరు అడుగుతాం, స్కానింగ్ ఉందా అని అడుగుతాం, ఏసీ గది దొరుకుతుందా అని అడుగుతాం. ‘ఈ రాత్రి ఈ వార్డులో ఎందరు రోగులకు ఎందరు సిస్టర్లున్నారు?’ అని అడిగినవాళ్లను నేనింకా చూడలేదు. మన వార్డు గోడల మీద డ్యూటీ డాక్టరు పేరుంటుంది, బంధువులు వచ్చే వేళలుంటాయి, చెప్పులు బయట విడవమని ఉంటుంది. ఆ పక్కన రెండు అంకెలకు చోటు చాలా ఉంది.